కడుపుకు మందు, తోలుకు సరుకు: కరక్కాయ చరిత్రలో మన లెక్క

కొంచెం పెద్ద పోస్టే, తీరిక చేసుకుని చదవండి.

ఫోన్‌లో "కరక్కాయ" అని తెలుగులో కొట్టి చూడండి. ముఖ్యంగా రెండు రకాలు వస్తాయి. ఒకటి, పొట్ట శుభ్రం కావాలంటే రాత్రి పడుకునే ముందు చెంచాడు పొడి వేడినీళ్లలో కలిపి తాగండి అని చెప్పే వీడియోలు. రెండోది, 2018లో హైదరాబాద్ కూకట్‌పల్లిలో బయటపడ్డ మోసం వార్తలు. కరక్కాయలు పొడి కొట్టి తెస్తే ఎక్కువ డబ్బులిస్తామని నమ్మించి, జనం దగ్గర డబ్బు కట్టించుకుని బోర్డు తిప్పేసిన కేసు అది. ఈ రెండింట్లోనూ కాయ ఉంది, పొడి ఉంది, డబ్బు ఉంది. కాయ ఏరిన మనిషి మాత్రం లేదు.

మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకేనేమో, పుస్తకంలో ఎవరి పేరు ఎక్కిందో ఎవరి పేరు ఎక్కలేదో మా కళ్లకు ముందే పడుతుంది. కరక్కాయ మీద వైద్యం పుస్తకాలున్నాయి, వ్యాపారం లెక్కలున్నాయి, చట్టాలున్నాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, అందులో మనం ఎక్కడున్నామో చూద్దామని ఈ పోస్టు.

ముందు మన ఇళ్ల నుంచి మొదలుపెడదాం

కరక చెట్టు తెలియని వాళ్లు ఈ గ్రూపులో తక్కువ. విశాఖ మన్యం నుంచి నల్లమల దాకా, గోదావరికి అటూ ఇటూ, ఆదిలాబాద్ అడవుల్లో కూడా ఉంటుంది. ఎండాకాలంలో పూసి, చలికాలానికి కాయ ముదురుతుంది. పచ్చకాయ పసుపుకు తిరుగుతుంది. ఎండాక పొడుగునా గట్లు తేలి ముడతలు పడి, చేతిలో రాయిలా ఉంటుంది. చెట్టు దులిపి, రాలినవి ఏరి, గంపల్లో మోసుకొచ్చి ఎండేస్తారు. ఆరేలోపు తడి తగిలిందా, నల్లబడి బూజు పడుతుంది. సంతలో దాన్ని ఎవరూ అడగరు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లది, పిల్లలది.

మా హాస్టల్‌లో పాడేరు వైపు వాళ్లం, రంపచోడవరం వైపు వాళ్లం, సీతంపేట వైపు వాళ్లం కలిసి ఉంటున్నాం. ఒకరి భాషలో కాయ పేరు ఇంకొకరి భాషలో లేదు. కానీ వాడకం అడిగితే అందరూ దగ్గర దగ్గరగా అదే చెప్పారు. దగ్గొస్తే చిన్న ముక్క బుగ్గన పెట్టుకోవడం. తిన్నది అరక్క కడుపు ఉబ్బితే ఉప్పు కలిపి ముక్క నమలడం. రెండు మూడు రోజులు విరేచనం కాకపోతే పొడి వేడినీళ్లలో తాగడం. కడుపు జారుడుగా ఉంటే మాత్రం కాయను నిప్పుల మీద కాల్చో, నీళ్లలో ఉడకబెట్టో ఇవ్వడం.

చివరి రెండూ గమనించండి. విరేచనం కాకపోతే అదే కాయ, ఎక్కువైతే కూడా అదే కాయ. తేడా అంతా చేసే పద్ధతిలో ఉంది. బయటివాళ్లకు ఇది పొంతన లేని మాటలా వినిపిస్తుంది. దీని వెనక ఏముందో పుస్తకాలు కూడా చెప్పాయి.

పుస్తకాల్లోకి ఎక్కిన కాయ

సంస్కృతంలో దీని పేరు హరీతకి. అభయ, పథ్య అని ఇంకా చాలా పేర్లున్నాయి. చరక సంహితలో చికిత్సా స్థానం మొదటి అధ్యాయంలో, రసాయనాలు చెప్పే మొదటి భాగానికి పేరే కరక్కాయ, ఉసిరికాయల మీద పెట్టారు. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు రాసిన భావప్రకాశంలో ద్రవ్యాల పట్టిక మొదలయ్యేదే కరక్కాయతో. అందులో ఏడు రకాల కరక్కాయలు చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: నమిలితే ఆకలి పుట్టిస్తుంది, పొడి చేసి వాడితే మలాన్ని వెళ్లగొడుతుంది, ఉడికిస్తే విరేచనాన్ని కడుతుంది, వేయిస్తే మూడు దోషాలనూ అణుస్తుంది అని. మన ఇళ్లలో అరుగు మీద కూర్చుని చెప్పే మాటకూ, ఈ పుస్తకంలో మాటకూ ఎంత దూరముంది? దాదాపు లేదు.

బౌద్ధుల వినయపిటకంలో భిక్షువులు మందుగా దగ్గర ఉంచుకోవచ్చని అనుమతించిన పండ్లలో కరక, తాని, ఉసిరి మూడూ ఉన్నాయి. టిబెట్‌లో వైద్య బుద్ధుడి బొమ్మ వేస్తే ఆయన చేతిలో ఉండేది కరక కొమ్మే. ఈ మూడు కాయలూ కలిపితే త్రిఫల. ఆ త్రిఫల అరబ్బు, పారశీక వైద్యుల దగ్గరికి వెళ్లి "ఇత్రీఫల్" అయింది. యునానీ దవాఖానాల్లో ఇప్పటికీ ఆ పేరే. వాళ్లు కరక్కాయను హలీలా అంటారు, నల్ల హలీలా, పసుపు హలీలా, కాబూలీ హలీలా అని విడదీస్తారు. మనం ఎరిగిన భాషలో చెప్పాలంటే మొదటిది గింజ గట్టిపడక ముందే రాలిన పిందె, తర్వాతవి ముదురుతున్న కొద్దీ వచ్చే దశలు. 1563లో గోవాలో పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా అచ్చు వేసిన పుస్తకంలో కూడా ఈ కాయల మీద ఒక సంభాషణ ఉంది. అప్పటికే యూరప్ మందుల కొట్లలో ఇవి ఎండబెట్టి అమ్మే సరుకు.

అంటే ఈ కాయ మన కొండ దిగి ప్రపంచమంతా తిరిగింది. మరి మొదట ఎవరు చెప్పారు? దీనికి జవాబు చరక సంహితలోనే ఒకచోట ఉంది. సూత్ర స్థానం మొదటి అధ్యాయంలో, మేకల కాపరులు, గొర్రెల కాపరులు, గోవుల కాపరులు, ఇంకా అడవిలో ఉండేవాళ్లు మూలికల పేర్లూ రూపాలూ ఎరుగుదురని రాసి ఉంది. ఆ వెంటనే, పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన వాడకం తెలిసినట్టు కాదు, వాడే విధం తెలిసినవాడే అసలు వైద్యుడు అని కూడా ఉంది.

మొదటి వాక్యానికి మనం దండం పెట్టొచ్చు. రెండో వాక్యం దగ్గర ఆగి ఆలోచించాలి. కాల్చి ఇస్తే ఒక పని, పొడి ఇస్తే ఇంకో పని అని తెలిసిన మన అవ్వలకు తెలిసింది పేరూ రూపమేనా? వాడే విధం కాదా? అక్కడ గీసిన గీత చాలా పాతది. చెప్పినవాళ్లు ఒకవైపు, రాసుకున్నవాళ్లు ఇంకోవైపు. ఆ గీత ఇవాళ్టి చట్టం దాకా ఎలా వచ్చిందో చివర్లో చూద్దాం.

వగరులో ఉన్న గుట్టు

కరక్కాయ కొరికితే నోరు పిడచగట్టుకుపోతుంది కదా. ఆ వగరుకు కారణం టానిన్లు. ఎండిన కాయ గుజ్జులో సుమారు 30 శాతం దాకా ఇవే ఉంటాయి. టానిన్ పని ఏంటంటే, ప్రొటీన్‌ను పట్టుకుని బిగించడం. నాలుక మీద అదే జరుగుతుంది. పేగు లోపలి పొర మీద కూడా అదే పని చేయడం వల్ల జారుడు తగ్గుతుందని చెప్తారు. కాయలో దానికి ఎదురుగా విరేచనం చేయించే పదార్థాలు కూడా ఉన్నాయి. ఒకే కాయలో రెండు గుణాలు ఉంటే, ఏది ముందుకొస్తుందో చేసే పద్ధతిని బట్టి ఉంటుందని మన పెద్దవాళ్లూ పట్టుకున్నారు, భావమిశ్రుడూ పట్టుకున్నాడు.

ఇదే టానిన్ ఇనుముతో కలిస్తే నల్లగా మారుతుంది. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీ చూసి ఉంటారు. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లూ పాలూ కలిపిన దాంట్లో నానబెడతారు. తర్వాత ఇనుప ముక్కలూ బెల్లమూ వేసి పులియబెట్టిన నీళ్లతో గీత గీస్తే అక్కడ నల్లబడుతుంది. పాతకాలం సిరా చేసింది కూడా కరక్కాయ కషాయంలో అన్నభేది వేసే. ఎంత చిత్రమో చూడండి. మన పేర్లు రాసుకోని ఎన్నో కాగితాలు మనం ఏరిన కాయల సిరాతోనే రాసి ఉంటారు.

భీమిలి రేవులో ఎక్కిన సరుకు

టానిన్ ప్రొటీన్‌ను బిగిస్తుంది అన్నాం. పశువు తోలు కూడా ప్రొటీనే. పచ్చి తోలును కుళ్లకుండా గట్టి తోలుగా మార్చడానికి కావలసింది సరిగ్గా ఇదే. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో తోలు ఫ్యాక్టరీలు పెరిగాక కరక్కాయకు గిరాకీ ఎక్కడికో వెళ్లిపోయింది. మద్రాసు వైపు కూడా తంగేడు చెక్కతో ఊనిన తోళ్లను చివర్లో కరక్కాయతో తేర్చి ఓడలకెక్కించేవాళ్లు. బస్తాలకు బస్తాల కాయ బొంబాయి, కలకత్తా, మద్రాసు రేవుల నుంచి పోయింది.

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. ఆ వ్యాపారంలో కాయ నాణ్యతను బట్టి పేర్లు పెట్టేవాళ్లు. జబల్‌పూర్ నుంచి వచ్చేది "జబల్‌పూర్స్", కొంకణం వెంగుర్లా రేవు నుంచి వచ్చేది "వింగోర్లాస్". మన వైపు కాయ పేరు "భిమ్లీస్". అంటే భీమునిపట్నం. లండన్‌లో కొనేవాడు "భిమ్లీ ఒకటో రకం, రెండో రకం" అని అడిగేవాడు. భీమిలిలో కరక చెట్లు లేవు. అది రేవు. చెట్లు ఉన్నది వెనకాల కొండల్లో. కాయ పుట్టిన కొండ పేరు ఎవరికీ అక్కర్లేదు, ఓడ ఎక్కిన ఊరి పేరే కాయకు పేరైంది. గోగునారకు కూడా అంతే, ప్రపంచ మార్కెట్లో దాని పేరు "భిమ్లీ జనుము".

కొండ మీద నుంచి భీమిలి దాకా మధ్యలో ఉన్నది షావుకారు. సంతలో ఉప్పు, ఎండుచేప, గుడ్డ ఇచ్చి, బదులు కాయ, చింతపండు, తేనె, అడ్డాకులు కొలిపించుకునేవాడు. డబ్బు కంటికి కనపడేది కాదు. కొలత షావుకారిది, లెక్క షావుకారిది, అప్పు మాత్రం మనది. 1879లో రంప ఫితూరీ లేవడానికి కల్లు మీద పన్ను, మన్సబుదారు జులుంతో పాటు, షావుకార్లు మైదానంలో కోర్టులకెక్కి కాగితాలు తెచ్చి కొండవాళ్ల పశువునూ పంటనూ పట్టుకుపోవడం కూడా ఒక కారణం. 1917లో ఏజెన్సీ ప్రాంతాల్లో వడ్డీనీ భూమి మార్పిడినీ అదుపు చేస్తూ ప్రభుత్వం చట్టం తేవాల్సి వచ్చిందంటే ఆ అప్పు ఎంత లోతుకు దిగిందో ఊహించుకోండి.

ఈలోగా 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అని గీత గీశారు. పోడు మీద, పశువుల మేత మీద, ఏరుకునే కాయ మీద కూడా అనుమతి, రుసుం, నేరం అనే మాటలు వచ్చాయి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గూడెం, చింతపల్లి మన్యం లేచినప్పుడు రోడ్డు పనుల వెట్టితో పాటు ఈ అడవి ఆంక్షలు కూడా జనం గుండెల్లో ఉన్నాయి. అటు నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీం ప్రాణం ఇచ్చింది కూడా అడవి మీద, భూమి మీద హక్కు కోసమే.

మద్రాసుకు వేరే చట్టం ఉన్నా, దేశంలో చాలా భాగానికి వర్తించిన 1927 భారత అటవీ చట్టం ఒకసారి తెరిచి చూడండి. "అటవీ ఉత్పత్తి" అంటే ఏమిటో చెప్పే మొదటి జాబితాలోనే కలప, బొగ్గు, లక్క, ఇప్పపువ్వుల పక్కన కరక్కాయ పేరు ఉంది. అదీ ఎలా? అడవిలో దొరికినా సరే, దొరక్కపోయినా సరే, అది అటవీ ఉత్పత్తే. ఒక ఆదివాసీ పేరు కూడా లేని చట్టంలో కాయ పేరు ఉంది. కడుపు నొప్పికి ముక్క నమిలే కాయను చట్టం అంత పెద్ద చూపు ఎందుకు చూసింది? మందని కాదు, తోలుకు కావాలి గనక.

దీనికి "చిన్న అటవీ ఉత్పత్తి" అనే పేరు స్థిరపడింది. చిన్న ఎవరికి? టేకు దుంగ లెక్కేసుకునేవాళ్లకు చిన్న. ఏడాదిలో నాలుగు నెలలు ఉప్పూ పప్పూ దీని మీదే గడిచే ఇంటికి ఇది చిన్న ఎలా అవుతుంది?

స్వరాజ్యం వచ్చాక

20వ శతాబ్దంలో క్రోమియం రసాయనంతో తోలు ఊనడం పెరిగింది, వేరే దేశాల చెట్ల చెక్క సారం వచ్చింది. కరక్కాయకు పాత గిరాకీ తగ్గింది. భీమిలి రేవు చప్పబడింది, 1933లో విశాఖపట్నం హార్బర్ మొదలైంది.

1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అనేది, పుట్టింది. ఉద్దేశం మంచిదే. షావుకారి తప్పుడు తూకం నుంచి తప్పించడం, అటవీ ఫలసాయం సరైన ధరకు కొనడం, డిపోల్లో బియ్యం, ఉప్పు, కిరోసిన్ ఇవ్వడం. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఈ సరుకు కొనే హక్కు ప్రభుత్వ సంస్థకే ఉండేలా చేశారు. షావుకారి పీడ తగ్గింది, ఆ మేలు ఒప్పుకోవాలి. కానీ కొనేవాడు ఒక్కడే అయితే, వాడు కొననన్న రోజు అమ్మేవాళ్లు ఎక్కడికి పోవాలి అనే ప్రశ్న కూడా దాంతోపాటే వచ్చింది.

1996 పీసా చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు గ్రామసభకు ఉండాలంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా స్పష్టంగా చెప్పింది: తరతరాలుగా ఏరుకుంటున్న ఉత్పత్తులను ఏరుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు, వాటి మీద యాజమాన్యం మనవే. అందులో మందు మొక్కలు కూడా చేర్చారు. 1882లో పోయింది కాగితం మీద తిరిగి రావడానికి 124 ఏళ్లు పట్టింది. 2013-14లో కేంద్రం కొన్ని అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం పెట్టినప్పుడు మొదటి జాబితాలోనే కరక్కాయ ఉంది.

చాలామందికి పోడు పట్టా గురించి తెలుసు గానీ ఈ ఫలసాయం హక్కు సంగతి తెలియదు. అటవీ హక్కులంటే భూమి పట్టా ఒక్కటే కాదు. అదే చట్టంలో, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి మేధో హక్కు ఉంటుందని కూడా రాసి ఉంది. సెక్షన్ 3(1)లో "కె" అనే భాగం. పరీక్షలకు చదివేవాళ్లు రెండుసార్లు చదవండి.

పుస్తకంలో ఉంటే వాటా లేదట

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. మొక్కలు, వాటి మీద జ్ఞానం వాడుకుని వ్యాపారం చేసేవాళ్లు, వాటిని కాపాడుకుంటూ వచ్చిన సమాజాలకు లాభంలో వాటా ఇవ్వాలన్నది దాని గుండెకాయ. దేశీ కంపెనీలకు ఇది వర్తిస్తుందా అని వాదన వస్తే, 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఒక ఆయుర్వేద మందుల సంస్థ కేసులో వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది.

2023లో ఆ చట్టాన్ని సవరించారు. గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానానికి, సాగు చేసిన మందు మొక్కలకు, రిజిస్టరైన ఆయుష్ వైద్యులకు మినహాయింపులు పెట్టారు. గ్రంథస్థం అంటే ఏ గ్రంథాలు? 1940 నాటి మందుల చట్టం మొదటి షెడ్యూల్‌లో పేర్లున్న ప్రామాణిక గ్రంథాలు. ఆ జాబితాలో చరక సంహిత ఉంది, భావప్రకాశం ఉంది.

ఇప్పుడు మొదటి నుంచి కలిపి చూడండి. అడవిలో ఉండేవాళ్లకు మూలికలు తెలుసని రాసింది చరక సంహితే. ఆ పుస్తకంలో ఉంది కాబట్టి ఆ జ్ఞానం "గ్రంథస్థం". గ్రంథస్థం కాబట్టి దాని మీద మందు చేసే కంపెనీ అడవిలో ఉండేవాళ్లకు వాటా ఇవ్వాలన్న నియమం సడలిపోయింది. మన దగ్గర విని రాసుకున్న పుస్తకమే ఇవాళ మనకు అడ్డం నిలబడింది. అప్పటి గీత ఇదే: చెప్పినవాళ్లు ఒకవైపు, రాసుకున్నవాళ్లు ఇంకోవైపు.

ఆయుర్వేదం మీద మాకు కోపం లేదు. చిన్న క్లినిక్ పెట్టుకున్న వైద్యుణ్ని కేసుల్లో ఇరికించకూడదన్న వాదనలో న్యాయం ఉంది. కానీ డబ్బాల్లో త్రిఫల చూర్ణం అమ్మే పెద్ద కంపెనీనీ, ఊళ్లో మందిచ్చే వైద్యుణ్నీ ఒకే గాట కట్టడం ఎక్కడి న్యాయం? కరక్కాయ ఇప్పటికీ ఎక్కువగా అడవి నుంచి వచ్చేదే. దాన్ని ఏరే చేతులు ఎవరివో అందరికీ తెలుసు.

మన కడుపుల సంగతి

చరిత్ర చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఇది వాడేవాళ్లకు నాలుగు జాగ్రత్తలు కూడా చెప్పాలి. హాస్టల్‌లో ఉండే మనకు మలబద్ధకం, గ్యాసు, కడుపుబ్బరం మామూలే. వేళకు తిండి ఉండదు, కూరగాయ తక్కువ, నీళ్లు తక్కువ తాగుతాం, బాత్రూం దగ్గర క్యూ ఉంటుందని ఆపుకుంటాం. కరక్కాయ పొడి విరేచనం కావడానికి పనికొస్తుంది. ప్రభుత్వ ఆయుర్వేద ఫార్మకోపియాలో పెద్దవాళ్లకు చెప్పిన మోతాదు 3 నుంచి 6 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా అటూ ఇటూ. కానీ రోజూ దాని మీదే ఆధారపడితే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

నీళ్ల విరేచనాలకు మాత్రం కరక్కాయ నమ్ముకుని కూర్చోవద్దు. వానాకాలంలో మన ఊళ్లలో ప్రాణాలు పోయేది ఒంట్లో నీరు పోయి. ముందు ఓఆర్‌ఎస్, ఆ వెంటనే ఆశా కార్యకర్త, పీహెచ్‌సీ. నెత్తురు పడినా, జ్వరం ఉన్నా, కడుపులో విడవని నొప్పి ఉన్నా ఇంటి మందుతో ఆలస్యం చేయకూడదు. గర్భిణులు కరక్కాయ వాడకూడదని పాత వైద్యమే చెప్తుంది. పసిపిల్లలకు అరగదీసి నాకించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దని ఇంట్లో మనమే చెప్పాలి.

ఇంకొకటి, ముఖ్యంగా చెల్లెళ్లకు, అక్కలకు. టానిన్ ఇనుమును పట్టుకుంటే నల్లబడుతుందని కలంకారీ దగ్గర చెప్పుకున్నాం. కడుపులో కూడా అది ఇనుమును పట్టుకుంటుంది, ఒంటికి అందనివ్వదు. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ. హాస్టల్‌లో ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకున్న పూట కరక్కాయ, త్రిఫల వేసుకోవద్దు. రెండింటికీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉండాలి. గుడ్డ మీద నలుపు ఎక్కించిన గుణమే ఇది, మంచీ చెడూ రెండూ దాంట్లోనే ఉన్నాయి.

మన జ్ఞానం గొప్పదని చెప్పుకోవడానికి, అది అన్నిటికీ మందని చెప్పనక్కర్లేదు. ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలిసి ఉండటమే జ్ఞానం. మన అవ్వలకు అది తెలుసు. అందుకే ఒకరికి కాల్చి ఇచ్చారు, ఇంకొకరికి పొడి ఇచ్చారు.

మనం చేయగలిగింది

ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ప్రతి ఒక్కరం ఒక పని చేద్దాం. మన భాషలో కరక్కాయ పేరు ఏంటి, తానికాయ పేరేంటి, ఉసిరి పేరేంటి అడిగి తెలుగు లిపిలోనే రాసుకుందాం. ఏ గట్టు మీద ఎన్ని చెట్లు మిగిలాయి, కొమ్మలు నరక్కుండా ఎలా దులిపేవాళ్లు, మొదటి కాయలు ఎప్పుడు ఏరాలని కట్టుబాటు ఉండేది, ఎన్నో ఏట నుంచి చెట్లు తగ్గాయి, ఇవన్నీ అడుగుదాం. కాయ ఏ సంతలో ఏ ధరకు పోయిందో, తూకం ఎవరు వేశారో అడుగుదాం.

మందు పద్ధతి విషయంలో మాత్రం తొందరపడి ఫోన్ తీసి వీడియో పెట్టొద్దు. ముందు ఆ పెద్దమనిషిని, తర్వాత గ్రామసభను అడగాలి. 2002 చట్టం కింద ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ పంచాయతీలో అది ఉందా, ఉంటే అందులో ఎవరు ఏం రాశారు, మీ ఊరి వాళ్లను అడిగే రాశారా, చూడండి. లేకపోతే అర్జీ పెట్టండి. అర్జీ రాయడం వచ్చిన తరం మనది. సామూహిక అటవీ హక్కుల దరఖాస్తులో భూమితో పాటు కరక, తాని, ఉసిరి, చింత, అడ్డాకు పేర్లు కూడా రాయించండి. రాయని పేరు ఆఫీసులో లేనట్టే.

కరక్కాయ వేల ఏళ్లుగా పుస్తకాల్లో ఉంది. ఓడ రసీదుల్లో ఉంది, చట్టాల్లో ఉంది. దాన్ని ఏరి, ఎండబెట్టి, ఎవరికి ఎలా ఇవ్వాలో చెప్పిన వాళ్లు ఇంకా మన ఇళ్లలో, పొయ్యి పక్కన కూర్చుని ఉన్నారు. వాళ్లున్నప్పుడే అడుగుదాం. మీ వైపు దీన్ని ఏమంటారో, ఎలా వాడతారో, మీ పెద్దవాళ్లు సరేనంటేనే కింద రాయండి.

జోహార్.